దడ్వాయి లేని కాంటా



ఈ పుటలో ఛందస్సు, వ్యుత్పత్తులు, మా ప్రాంతపు పలుకుబళ్ళు తప్ప ఇతర విషయాల జోలికి నేను సాధారణంగా పోను. ఈసారి డబ్బు సంగతి వ్రాస్తున్నాను. తెలుగు పండితునికి ఆర్థికశాస్త్రంతో పనేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకు ఆర్థికశాస్త్రం రాదు. రాకుండానే ఒకప్పుడు ఒక పేదరాలికి ఆర్థిక సలహాదారునయ్యాను. ఈ టపా వ్రాయడానికి అదే కారణం.

మొదట మిర్చి యార్డు సంగతి చెప్పాలి. మాది గూడూరు మండలం; ఇప్పుడు మహబూబాబాదు జిల్లా, 2016 అక్టోబరు దాకా వరంగల్లు జిల్లా. వరి, పత్తి, మిరప మా పంటలు. మిరప ఎక్కువగా వరంగల్లులోని ఎనుమాముల మార్కెట్టుకు పోతుంది. నేను మా అన్నగారి బస్తాలతో పాటు చాలాసార్లు అక్కడ రాత్రి నిద్ర చేసినవాణ్ణి. ఆ యార్డులో ఎవరు ఎవరి మనిషో రైతుకు తెలుసు. ఖరీదుదారు కొనేవాడు. అడ్తిదారు అమ్మించేవాడు, కమీషను తీసుకునేవాడు. హమాలీ మోసేవాడు. వీరందరి నడుమ దడ్వాయి అని ఒకడుంటాడు. అతని పని కాంటా వేయడం. మార్కెట్ కమిటీ లైసెన్సు పొంది, ఇటు రైతుకూ అటు ఖరీదుదారుకూ చెందకుండా, ముల్లు ఎక్కడ నిలిచిందో అక్కడ చదవవలసినవాడు. చివరకు తక్‌పట్టీ అనే చీటీ రైతు చేతికి వస్తుంది. బరువెంత, ధరెంత, అడ్తి ఎంత, హమాలీ ఎంత, చేతికి వచ్చేదెంత అన్నీ దానిమీద అంకెల్లో ఉంటాయి.

ఆ యార్డులో మోసం లేదని నేననడం లేదు. తేమ అంటారు, తాలు అంటారు, తరుగు తీస్తారు. దడ్వాయి కూడా ఒక్కొక్కసారి అటువైపు మొగ్గుతాడు. అయినా మోసం జరిగినప్పుడు ఎవరు ఏ పని తప్పారో చెప్పడానికి వీలుంది. ఎందుకంటే పేర్లు వేరు, పనులు వేరు, కోత కాగితం మీద ఉంది. చదువురాని రైతు కూడా అడ్తిదారును దడ్వాయి అనుకోడు.

మన పొదుపు సొమ్ము విషయంలో ఈ పాటి ఏర్పాటు కూడా లేదన్నదే నా ఫిర్యాదు. అక్కడ అడ్తిదారు సలహాదారు పేరుతో వచ్చి, తానే కాంటా వేసి, తక్‌పట్టీ ఇవ్వకుండా వెళ్ళిపోతాడు.

ఇక నా కథ. 2017లో పదవీ విరమణ చేశాను. గ్రాట్యుటీ, కమ్యుటేషను, ప్రావిడెంటు ఫండు అంతా కలిసి, నా జన్మలో ఎన్నడూ చూడనంత మొత్తం ఒక్కసారిగా ఖాతాలో పడింది. పడిన మూడవ నాడే బ్యాంకు నుంచి ఫోను. (ఏ బ్యాంకో చెప్పను, చెప్పినా లాభం లేదు, ఏ బ్యాంకులోనైనా ఇదే జరుగుతుంది.) వెళ్ళాను. బల్లకు అవతల కూర్చున్న కుర్రవాడు లేచి నా కాళ్ళకు మొక్కాడు. నా శిష్యుడే. తొమ్మిదో తరగతిలో పోతన పద్యాలు తడుముకోకుండా అప్పజెప్పినవాడు. తండా నుంచి రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చి చదువుకున్నవాడు. వాడు బ్యాంకు కుర్చీలో కూర్చుని ఉండగా చూసిన సంతోషంలో నాకు మిగిలినవేవీ వినబడలేదనే చెప్పాలి.

"సార్, ఇది ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిదే. వడ్డీ కాస్త ఎక్కువ. ఇన్సూరెన్సు అదనం" అన్నాడు. ఏడాదికి లక్ష చొప్పున పదేళ్ళు కట్టవలసిన జీవిత బీమా పాలసీ అది. పదేళ్ళన్న మాట వాడు చెప్పాడో లేదో నాకు గుర్తు లేదు. చెప్పలేదని ప్రమాణం చేయలేను. నేను అడగలేదన్నది మాత్రం నిజం. పాలసీ బాండు ఇంటికి వచ్చింది. ఆంగ్లంలో ఉంది, దళసరిగా ఉంది. బీరువాలో భద్రపరచాను. నచ్చకపోతే వెనక్కి ఇచ్చే గడువు అప్పట్లో పదిహేను రోజులు. ఆ సంగతి ఆ బాండులోనే ఉన్నది. బాండు బీరువాలో ఉన్నది.

మరుసటి ఏడు రెండవ లక్ష కట్టమని సందేశం వచ్చినప్పుడు గాని నాకు మెలకువ రాలేదు. అప్పుడు మానేస్తే మొదటి లక్ష మొత్తం పోతుందన్నారు. పదేళ్ళు, అంతకు మించి కట్టే సంప్రదాయ పాలసీలకు అప్పటి నియమం ప్రకారం మూడేళ్ళు కడితేనే తిరిగి చేతికేమైనా వచ్చేది. మూడేళ్ళు కట్టాను. నాలుగో ఏట వదులుకుంటే మూడు లక్షలకు లక్షన్నర చిల్లర వచ్చింది. పింఛను ఉన్నవాణ్ణి, తట్టుకున్నాను. ఇంతవరకే అయితే ఈ టపా వ్రాసేవాణ్ణి కాను. నా అజ్ఞానానికి నేను కట్టిన రుసుము అనుకొని ఊరుకునేవాణ్ణి.

మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఒక ఆమె ఉండేది. భర్త పోయాడు. ఉన్న ఎకరంన్నర కౌలుకిచ్చి, ఇక సాకలేనని కాడెడ్లను అమ్మేసింది. నలభై వేలు వచ్చాయి. ఆ డబ్బు ఇంట్లో ఉంటే కరిగిపోతుందని బ్యాంకుకు పోయింది. అక్కడ ఏదో చెప్పారు. సాయంత్రం మా ఇంటికి వచ్చి, గడప దగ్గరే నిలబడి అడిగింది:

"సారూ, మీరు గూడ కట్టిండ్రట గదా?"

"కట్టాను."

"మంచిదేనా మరి?"

"మన పిల్లవాడే చూస్తున్నాడు. ఏం భయం లేదు" అన్నాను.

ఆ మరునాడు ఆమెతో బ్యాంకుకు వెళ్ళాను కూడా. దరఖాస్తు ఆంగ్లంలో ఉంది, ఆమె సంతకం తెలుగులో. ఇటువంటి సందర్భంలో "ఈ దరఖాస్తులోని విషయాలన్నీ ఈమెకు తెలిసిన భాషలో వివరించాను, ఈమె పూర్తిగా అర్థం చేసుకున్నది" అని మరొకరు ధ్రువీకరించాలి. దానికోసం ఫారం చివర ఒక గడి ఉంటుంది. ఆ గడిలో సంతకం చేసినవాణ్ణి నేనే. వివరించలేదు. చదవనే లేదు. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు "చదవకుండా సంతకం పెట్టకండి" అని చెప్పిన చేయి అది.

ఏడాదికి నలభై వేల ప్రీమియం. అప్పట్లో వంట చేసినందుకు ఆమెకు నెలకు ముట్టే గౌరవ వేతనం వెయ్యి రూపాయలు. ఆ ఫారంలో వార్షికాదాయం అన్న చోట "వ్యవసాయం, రెండు లక్షలు" అని ఎవరో నింపారు. మరుసటి ఏడు ఆమె కట్టలేకపోయింది. రెండు కాడెడ్లూ అక్కడితో పోయాయి. నేను ఆమె తరఫున కంపెనీకి ఫిర్యాదు వ్రాశాను. నాలుగు పేరాల జవాబు వచ్చింది. అందులో మూడవ పేరా సారాంశం: పాలసీ వివరాలను మాతృభాషలో వివరించినట్లు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ధ్రువీకరించి ఉన్నాడు, కంపెనీ నుంచి వచ్చిన ఫోనుకు కూడా ఆమె అన్నింటికీ అవునని చెప్పి ఉన్నది. ఫోను వస్తే అవును అవును అనమని బ్యాంకులోనే చెప్పారట.

ఆమె నన్నొక్క మాట అనలేదు. "మీది గూడ పోయింది గదా సారూ" అన్నది. నేను డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. తరువాత ఆమె కొడుకు ఇంటరు చదువు పేరు మీద కొంత ముట్టజెప్పాను. ఈ మాట గొప్పకు వ్రాయడం లేదు. ఆ లెక్క నా దృష్టిలో ఇంకా తీరలేదు.

ఇక విషయంలోకి వస్తాను.

మన తర్కశాస్త్రంలో శబ్ద ప్రమాణమని ఒకటి ఉన్నది. ప్రత్యక్షంగా చూడలేని, ఊహించి తెలుసుకోలేని విషయంలో ఆప్తుని వాక్యమే ప్రమాణం. మరి ఆప్తుడెవడు? న్యాయభాష్యకారుడు రెండు గుణాలు చెబుతాడు. విషయాన్ని ఉన్నదున్నట్లు తెలిసినవాడై ఉండాలి. తెలిసినదాన్ని తెలిసినట్లే చెప్పాలనే కోరిక కలవాడై ఉండాలి. చుట్టమా, శిష్యుడా, మన ఊరివాడా అన్నది ఆ లక్షణంలో లేదు. మనం లోకంలో ఆప్తుడంటే చుట్టమనే వాడుతున్నాం, అక్కడే దెబ్బ తింటున్నాం. ఆర్థిక సలహాదారు వృత్తికి ప్రమాణాలు ఏమిటని ఎవరైనా నన్నడిగితే ఈ రెండే చెబుతాను. మొదటిది చదువుతో, పరీక్షతో కొంత తేల్చవచ్చు. రెండవది పరీక్షతో తేలదు. ఎవరి డబ్బు తింటున్నాడో చూస్తే తేలుతుంది.

మొదటి గుణం సంగతే చూడండి. పిల్లలకు గుణింతాలు నేర్పడానికి నేను డిగ్రీ చదివి, పండిత శిక్షణ పొంది, ఎంపిక పరీక్ష వ్రాయవలసి వచ్చింది. ఒక కుటుంబం జీవితకాలపు పొదుపును ఎక్కడ పెట్టాలో చెప్పే బీమా ఏజెంటుకు పదో తరగతి, కొన్ని గంటల శిక్షణ, ఒక పరీక్ష చాలు. దేశంలో జీవిత బీమా ఏజెంట్లు పాతిక లక్షలకు పైగా ఉన్నారు. సెబీ 2013లో పెట్టుబడి సలహాదారుల నిబంధనలు తెచ్చి, ఖాతాదారు పరిస్థితిని విచారించి అతనికి తగినదే చెప్పాలి, చెప్పినదాని రికార్డు ఐదేళ్ళు ఉంచాలి, రుసుము ఖాతాదారు దగ్గరే తీసుకోవాలి అన్నది. 2020లో సవరించి, ఒకే ఖాతాదారుకు సలహా రుసుమూ అమ్మకపు కమీషనూ రెండూ తినడానికి వీల్లేదన్నది. మ్యూచువల్ ఫండ్లు అమ్మేవారు సలహాదారు అన్న పేరు పెట్టుకోవద్దన్నది. చక్కని నియమాలు. అయితే ఆ నియమాల కింద నమోదైన సలహాదారులు దేశం మొత్తానికి వేయికి అటూ ఇటూ మాత్రమే. గూడూరులో ఒక్కరు కూడా లేరని వేరే చెప్పనక్కర లేదు.

ఎందుకింత తక్కువ? 2020 సవరణలో పీజీ చదువు, ఐదేళ్ళ అనుభవం కావాలన్నారు. నియమం కఠినమైన కొద్దీ మంచివారు తగ్గిపోయి, నియమం లేని వైపు జనం పోగయ్యారు. 2024 డిసెంబరులో మళ్ళీ సడలించి డిగ్రీ చాలునన్నారు, అనుభవం నిబంధన తీసేశారు. నేను దీన్ని తప్పు పట్టను. పండిత పరీక్షలో నాకన్నా ఎక్కువ మార్కులు వచ్చినవారు కొందరు తరగతి గదిలో నిలబడలేకపోవడం చూశాను. అర్హత ఒక మెట్టు తగ్గినా ఫరవాలేదు. ఎవరి పక్షాన నిలబడ్డాడో తేలితే చాలు.

ఇక్కడే అసలు చిక్కు. సెబీ గీసిన గీత బీమాకు వర్తించదు, బ్యాంకు డిపాజిట్టుకు వర్తించదు, చిట్టీకి వర్తించదు. బీమాకు ఐఆర్‌డీఏఐ, బ్యాంకులకు రిజర్వు బ్యాంకు, పింఛను పథకాలకు పీఎఫ్‌ఆర్‌డీఏ, చిట్టీలకు రాష్ట్ర రిజిస్ట్రారు. మనిషికి జేబు ఒక్కటే. ఎడ్లు అమ్మిన నలభై వేలు ఏ సంస్థ పరిధిలోకి వస్తాయి? ఆ డబ్బు ఎటు పోతే అటు. కాబట్టి అమ్మేవాడు నియమం ఎక్కడ పలుచగా ఉంటే అటువైపే నడిపిస్తాడు. 2009 ఆగస్టులో మ్యూచువల్ ఫండ్లలో ఎంట్రీ లోడు తీసేసినప్పుడు అమ్మకందారులు కమీషను ఉన్న బీమా వైపు మళ్ళారు. 2010లో యూలిప్పుల మీద అధికారం ఎవరిదని సెబీకీ బీమా సంస్థకూ వివాదం వచ్చి, చివరకు కేంద్రం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. 2009లో స్వరూప్ కమిటీ, 2015లో సుమిత్ బోస్ కమిటీ ఈ కమీషన్ల విషయం తరచి చూసి నివేదికలిచ్చాయి. బోస్ కమిటీ నివేదిక వచ్చిన రెండేళ్ళకు మా వంటామె ఎడ్లు పోయాయి.

కమీషను ఎంతో చెప్పమంటే చెప్పరు. అప్పటి నియమాల్లో, ప్రీమియం కట్టే కాలాన్ని బట్టి, మొదటి ఏటి కమీషను 35 శాతం దాకా ఉండవచ్చు. అంటే కొన్ని పాలసీల్లో మొదటి వాయిదాలో మూడోవంతు. 2023 ఏప్రిల్ నుంచి విడివిడి పరిమితులు తీసేసి, కంపెనీ మొత్తం నిర్వహణ వ్యయానికి ఒక పరిమితి పెట్టారు. కంపెనీలకు వెసులుబాటు కలిగింది. కొనేవాడికి ఇంతకు ముందు చట్టం చూసి అయినా గరిష్ఠం ఎంతో తెలిసేది, ఇప్పుడు అదీ పోయింది. నా పాలసీ కాగితాలన్నీ తరువాత భూతద్దంతో చదివాను. మధ్యలో ఎవరికెంత ముట్టిందో ఎక్కడా కనబడలేదు. ఎనుమాముల తక్‌పట్టీ నయం.

మంచి జరగలేదని అనను. 2024లో వెనక్కి ఇచ్చే గడువును ముప్పై రోజులు చేశారు. 2024 అక్టోబరు నుంచి ఒక్క ఏడాది ప్రీమియం కట్టి ఆగినా కొంత సొమ్ము తిరిగి ఇవ్వాలన్నారు. ఈ రెండూ ఏడేళ్ళ ముందు ఉంటే ఒక జత ఎడ్లలో ఒక ఎద్దయినా మిగిలేదేమో. ఈ నియమాలు చేసే సంస్థ కేంద్ర కార్యాలయం హైదరాబాదులోనే ఉన్నది. మా ఊరి నుంచి ఒక పూట బస్సు ప్రయాణం. కాని నియమం వచ్చినట్లు మా బ్యాంకు గోడ మీద తెలుగులో ఒక్క కాగితం నేను చూడలేదు.

మా శిష్యుని మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. నాలుగేళ్ళ క్రితం నర్సంపేట బస్టాండులో కలిశాడు. ఆ ఉద్యోగం మానేశాడు. మాట్లాడడానికి తటపటాయించి, చివరకు "సార్, మీ పాలసీ మీద నాకొక్క రూపాయి రాలేదు" అన్నాడు. కమీషను బ్యాంకుకు పోతుంది. వాడికి వచ్చేది జీతమే. కాని ప్రతి సోమవారం ఎన్ని పాలసీలని అడుగుతారు. లెక్క తప్పితే నలుగురిలో నిలబెట్టి మాట్లాడతారు, దూరం బదిలీ చేస్తారు. ఆ వారం వాడికి రెండు తక్కువయ్యాయట. ఒకటి నేను, ఒకటి ఆమె. కమీషను చెప్పాలన్న నియమం ఒక్కటే చాలదని నాకు అప్పుడే అర్థమైంది. టార్గెట్టు మెడ మీద ఉన్నవాడు ఆప్తుడు కాలేడు, వాడు ఎంత మంచి పిల్లవాడైనా సరే. డిపాజిట్లు తీసుకునే కౌంటరులో, ఖాతాలో ఎంత ఉందో చూడగలిగిన మనిషి, బీమా అమ్మడం ఆపితే తప్ప ఇది తీరదని నా అభిప్రాయం. బ్యాంకు పక్కన వేరే గదిలో, వేరే బోర్డు పెట్టి, "ఇక్కడ అమ్మబడును" అని వ్రాసి అమ్ముకోమనండి. నాకు అభ్యంతరం లేదు.

ఇంతకన్నా పెద్ద దెబ్బ మన తెలుగువారందరికీ తెలిసినదే. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్‌లో అనేక రాష్ట్రాలకు చెందిన సుమారు 32 లక్షల మంది ఆరువేల కోట్ల రూపాయలకు పైగా కట్టారు. భూమి ఇస్తామన్నారు, లేదా సొమ్ము పెరిగి వస్తుందన్నారు. 2014, 2015ల్లో చెల్లింపులు ఆగిపోయాయి. 2016లో అధిపతులను అరెస్టు చేశారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో పదివేల లోపు కట్టినవారికి, 2021లో ఇరవై వేల లోపు వారికి ఖజానా నుంచి ఇచ్చింది. ఆ కంపెనీ ఊరూరా పెరిగింది ప్రకటనల వలన కాదు. ఏజెంటు అంటే పక్కింటి పెద్దమనిషి, పొదుపు సంఘం లీడరమ్మ, కొన్నిచోట్ల మా వృత్తివారే. వారిలో చాలామంది తమ సొమ్మూ పెట్టారు, తరువాత ఊళ్ళో తలెత్తుకోలేకపోయారు. ఏజెంట్లు, డిపాజిటర్లు ప్రాణాలు తీసుకున్న వార్తలు పత్రికల్లో చదివాం. కంపెనీ మీద కేసు ఉన్నది, ఆస్తుల జప్తు ఉన్నది. "నాది పూచీ" అని నోటిమాటతో లక్షలాది ఇళ్ళకు దాన్ని మోసుకుపోయిన వృత్తికి మాత్రం ఒక రిజిస్టరు లేదు, ఒక ప్రమాణం లేదు. ఎవరి పేరు కొట్టివేయాలన్నా ముందు ఆ పేరు ఎక్కడో ఒకచోట వ్రాసి ఉండాలి గదా.

కమీషను మొత్తంగా నిషేధిస్తే? బ్రిటనులో ఆ పని చేశారు. 2012 చివరి నుంచి పెట్టుబడి సలహా మీద కమీషను లేదు. సలహాదారు అర్హత పెంచారు. ఏటేటా వృత్తి ప్రమాణ పత్రం ఉండాలన్నారు. సలహా నాణ్యత పెరిగింది. కాని చిన్న మొత్తాల వారు ఆ రుసుము ఇచ్చుకోలేక సలహాకే దూరమయ్యారన్న మాట కూడా అక్కడ గట్టిగా వినబడింది. ఆస్ట్రేలియా మరొక పాఠం. అక్కడ 2019లో తుది నివేదిక ఇచ్చిన రాయల్ కమిషన్ విచారణలో, చనిపోయిన ఖాతాదారుల నుంచి కూడా సలహా రుసుము వసూలు చేసిన సంగతి బయటపడింది. ప్రేతాలకు సలహా చెప్పే విద్య మన గరుడపురాణంలో కూడా లేదు. కమీషను పోయి రుసుము వచ్చినంత మాత్రాన దొంగతనం పోదు, రుసుము పేరుతో వస్తుంది.

అయితే మా ఊరి రైతు సలహాకు డబ్బిస్తాడా? ఇవ్వడు అని పట్నంలో కూర్చున్నవారు అంటారు. దస్తావేజు లేఖరికి ఇస్తున్నాడు. దడ్వాయికి ఇస్తున్నాడు. మీసేవలో ప్రతి కాగితానికీ ఇస్తున్నాడు. రుసుము ఎంతో ముందే తెలిస్తే, పని కళ్ళ ముందు జరిగితే ఇస్తాడు. మండలానికి ఒక లైసెన్సు పొందిన మనిషి, ఏదీ అమ్మడానికి వీల్లేనివాడు, కాగితం తెస్తే చదివి తెలుగులో చెప్పి, "ఇది పదేళ్ళది, మధ్యలో ఆపితే ఇంత పోతుంది, నీ ఆదాయానికి ఇది తగదు" అని వ్రాసి సంతకం చేసి ఇచ్చేవాడు, వంద రూపాయలు తీసుకుంటే మా ఊళ్ళో ఎవరూ కాదనరు. న్యాయసేవా సంస్థలు గ్రామాల్లో పారా లీగల్ వలంటీర్లను పెట్టినప్పుడు కూడా ఎవరు వస్తారన్నారు. వచ్చారు. రిజర్వు బ్యాంకు ఆర్థిక అక్షరాస్యతా కేంద్రాలు పెట్టింది. మంచిదే, కాని అవి సమావేశం పెట్టి పొదుపు మంచిదని చెబుతాయి. మా వంటామెకు పొదుపు మంచిదని తెలుసు. తెలుసు కాబట్టే పోయింది.

మరొక సంగతి నన్ను ఆలోచింపజేసింది. 2018 ఆగస్టులో తెలంగాణలో రైతుబీమా మొదలైంది. పట్టా ఉన్న 18 నుంచి 59 ఏళ్ళ రైతుకు ఐదు లక్షల జీవిత బీమా. ఎల్‌ఐసీ ద్వారా, ప్రీమియం ప్రభుత్వానిదే. (కౌలు రైతును వదిలేశారు, అది వేరే కథ, వేరే కోపం.) నామినీకి పది రోజుల్లో డబ్బు చేరాలన్నది నియమం. మా మండలంలో భర్తలు పోయిన ఆడవారికి ఆ డబ్బు రావడం చూశాను. దాన్ని ఎవరూ ఎవరికీ నచ్చజెప్పి అమ్మలేదు. అలాగే ఏడాదికి 436 రూపాయలకు రెండు లక్షల జీవిత బీమా కేంద్ర పథకంలో ఉన్నది. నాకు పాలసీ అమ్మిన రోజున దాని ప్రీమియం 330 రూపాయలు. ఆ బల్లమీదే, అదే బ్యాంకులో. ఆమెకు కావలసిన బీమా అంత ఉంటే చాలు. మిగిలిన ముప్పై తొమ్మిది వేల చిల్లర డిపాజిట్టు వేసుకొని ఉండేది. ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, నాకు తెలియదు గనుక. తెలియనివాడు ఆప్తుడు కాడని పాఠం చెప్పినవాణ్ణి నేనే.

ఇప్పటి కుర్రవాళ్ళ ముచ్చట ఇంకొక తీరు. బ్యాంకు గడప కూడా తొక్కరు. ఫోనులో ఎవరో చెబుతారు, వీరు ఆప్షన్లు కొంటారు. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఆ వ్యాపారం చేసిన చిన్న మదుపరుల్లో నూటికి 93 మంది నష్టపోయారని, మొత్తం నష్టం లక్షా ఎనభై వేల కోట్లకు పైనేనని సెబీయే లెక్క తీసింది. నమోదు లేకుండా సలహాలిచ్చేవారితో నమోదైన సంస్థలు సంబంధాలు పెట్టుకోరాదని 2024లో నియమం తెచ్చింది. ఫోనులో చెప్పేవాడు "ఇది సలహా కాదు, చదువు" అని మొదట ఒక వాక్యం చదివి, తరువాత సలహా మొదలుపెడుతున్నాడు. పండితుడిగా ఆ వాక్యనిర్మాణాన్ని మెచ్చుకోక తప్పదు.

ఇప్పటికీ మా అరుగు మీదికి కాగితాలు పట్టుకొని వస్తుంటారు. చదివి ఉన్నది చెబుతాను. మంచిదేనా అని అడిగితే, నాకు తెలియదంటాను. అలా అనడానికి మొదట్లో చాలా కష్టమైంది. అడిగినవారి ముఖాలు చిన్నబోయేవి. పోయిన నెల ఆ వంటామె కొడుకే ఒక ఫారం తెచ్చాడు. పొదుపు పథకమట, ఏజెంటు బయట బండి మీద కూర్చుని ఉన్నాడు. ఫారం ఆంగ్లంలో ఉంది. చివర అదే గడి. మాతృభాషలో వివరించినట్లు నన్ను సంతకం చేయమన్నారు. తెలుగు ప్రతి తెమ్మన్నాను, దానితో పాటు ఈ ఒక్క ఫారం మీద నీకెంత వస్తుందో ఒక చీటీ మీద వ్రాసి ఇమ్మని ఏజెంటును అడిగాను. ఆదివారం తెస్తానని వెళ్ళాడు. ఆ తరువాత మూడు ఆదివారాలు గడిచాయి. ఫారం నా బల్లమీదే ఉన్నది.